అంట

ప్రొద్దుటూరు సెషన్సు కోర్టులో
ముప్పయ్యొక్కేళ్లు సాక్ష్యాలు టైపు కొట్టినవాణ్ణి.
నా వేళ్లకు బాగా తెలిసిన మాట ఏదంటే
ఎప్పుడూ కొట్టనిది.

ఉసేనమ్మ బోనులోకి వచ్చింది.
ఎంత కడుక్కున్నా పోని నాపరాయి దుమ్ము
గోళ్లలో ఇంకా ఉంది.
"గంగులు సమ్మెటతో కొట్టినాడంట సామీ,
మద్దిలేటి ఆడికాడే కూలిపోయినాడంట."
జడ్జిగారు కళ్లద్దాలు తీశారు.
"అంట వద్దమ్మా.
నువ్వు చూసింది చెప్పు."

ఆమె చాలాసేపు పలకలేదు.
ఎర్రగుంట్ల గనిలో రాయి ఎక్కడ చీలుతుందో
తట్టి చూసే మనిషి
మొదటిసారి తన మాటను తట్టి చూసుకుంటోంది.
"చూసిందా?
నెత్తురు చూసినా. బండ మీద, తడారకుండా.
గంగులు బోరింగు కాడ చేతులు కడుక్కుంటాండె.
రాళ్లు కొట్టేటోళ్లం, పొద్దుగూకితే
అందరం చేతులు కడుక్కుంటాం సామీ."
అంతా కొట్టాను. చివరి మాటతో సహా.

సాక్షి అనే మాటలోనే అక్షి ఉంది.
పక్కోడి చెవికి ఆ బోనులో చోటు లేదు.
మన అవ్వలకు ఇది చట్టం కంటే ముందే తెలుసు:
చూస్తే వచ్చినాడు,
వింటే వచ్చినాడంట.
రెండక్షరాల్లో చేతులు దులుపుకోవడం.

స్టేషన్లో గంగులు చెప్పింది ఒకటే వాక్యం:
"నేనే కొట్టి, సమ్మెట కానుగచెట్టు కింద పూడ్చినా."
బట్టలంగట్లో పంచె చించినట్టు
దాన్ని పర్రున రెండు చేశారు.
కొట్టి చెల్లదు,
లాఠీ ముందు ఒప్పుకోని నేరం ఉండదు గనక.
పూడ్చినా చెల్లుతుంది,
తవ్వితే సమ్మెట దొరికింది గనక.
దొరికిందని పంచనామాలో సంతకం పెట్టిన టీకొట్టు కాశీం
బోనెక్కి తువ్వాలు సర్దుకున్నాడు.
"సంతకం నాదే సార్. సమ్మెట నేను చూళ్లేదు."

మా జేజి ఒక సంగతి చెప్పేది.
వాళ్ల ఊళ్లో ఎవరిదో కాలికడియం పోతే
అనుమానమున్న నలుగురి నోట్లో బియ్యం పోసి
నమిలి ఉమ్మమన్నారంట.
తడిగా ఉమ్మినవాడు మంచోడు,
పొడిగా ఉమ్మినవాడు దొంగ.
జేజి తమ్ముడు ఓబుళేసుకు అప్పుడు పన్నెండేళ్లు.
బియ్యం వాడి నోట్లోంచి పొడిపొడిగా రాలిందంట.
ఆర్నెల్లకు కడియం గరిసెలో,
కొర్రల అడుగున దొరికిందంట.
భయానికి కూడా ఉమ్మి ఎండుతుందని
ఆ పంచాయితీలో ఒక్కరికీ తోచలేదు.
వాడి ముంజేతి మీద వాత
వాడితోపాటే ముడతలు పడింది.
అది నేను చూశాను. దానికి అంట లేదు.

నా సొరుగులో పుస్తకం
పద్దెనిమిది వందల డెబ్బైరెండు నాటి చట్టం,
దొరలు తమ రాజ్యం కోసం రాయించుకున్నది.
మొన్నీమధ్య కొత్త పేరు పెట్టారు, సెక్షన్ల అంకెలు జరిగాయి.
ఎవరు రాయించినా సరే,
నేరం మోపినవాడే రుజువు తేవాలన్న చోట
నాకు ఓబుళేసు కనిపిస్తాడు,
ఎండిన నోటితో
ఏమీ నమలకుండా నిలబడి.

గంగులు తీర్పు కూడా నేనే కొట్టాను.
గొలుసులో ఒక లంకె తక్కువైంది.
అనుమానం ఎవరికి చెందాలో వాళ్లకే ఇచ్చి పంపారు.

కోర్టు మెట్ల మీద మద్దిలేటి పెళ్లాం
రామలక్షుమ్మ నన్ను ఆపింది.
"సారూ, అన్నీ రాసినోడివి నువ్వే గదా,
నా మొగుడు సచ్చిపోయినాడా,
సచ్చిపోయినాడంటనా?"

పోస్టుమార్టం కాగితం మీద నెంబరు వేసింది నేనే.
ఆ సంగతి ఆమెకు చెప్పానో లేదో గుర్తులేదు.
బస్టాండు దాకా నడిచాను,
ఎర్రగుంట్ల బస్సుల మీది తెల్లదుమ్ము చూస్తూ.

రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ అడిగింది,
"ఆ గనికాడి కేసు ఏమైంది?"

"వదిలేసినారంట" అన్నాను.